కెటిల్‌బెల్ కొనేముందు పిడి తడిమి చూడండి

మొదటి కెటిల్‌బెల్ (పైన పిడి ఉండే ఇనుప వ్యాయామ గుండు) కొనేటప్పుడు బరువు కన్నా ముందు పిడి చూడండి. నేను చూడలేదు. పిడి లోపలివైపు, పోత పోసినప్పుడు ఏర్పడే అతుకు గీత గరుకుగా మిగిలిపోయింది. వారం తిరక్కుండానే ఉంగరం వేలి కింద చర్మం ఊడొచ్చింది. వేలితో తడిమి, నున్నగా ఉంటేనే తీసుకోండి.

బరువంటారా, కొత్తగా మొదలుపెట్టే ఆడవాళ్లకు 8 కిలోలు, మగవాళ్లకు 12 నుంచి 16 సాధారణంగా సరిపోతాయి.

ఇక స్వింగ్, అంటే బెల్‌ను కాళ్ల మధ్య నుంచి ముందుకు ఊపే వ్యాయామం. అది గుంజీ కాదు. మోకాళ్లు కొద్దిగానే వంచి తుంటిని వెనక్కి నెట్టాలి, రెండు చేతుల్లో సామాన్లున్నప్పుడు పిర్రలతో తలుపు మూసినట్టు. వీపు తిన్నగా ఉండాలి. బెల్‌ను లేపేది తుంటి విసురే. చేతులు తాళ్లలా వేలాడితే చాలు. నడుము లాగుతోందా, అక్కడితో ఆపేయండి. అరచేతుల చెమట తుడుచుకోండి. ఎదురుగా ఎవరూ, ముఖ్యంగా పిల్లలు, ఉండకూడదు. జారితే పట్టుకోబోవద్దు, వదిలేసి పక్కకు తప్పుకోండి.