తలుపు తీయని గది సంగతి కూడా రాయాలి (పెస్ట్ కంట్రోల్ పని – 4వ పాఠం)

పోయిన పాఠంలో మందు కలపడం, పంపు కడగడం అయిపోయాయి. ఈసారి చేతులు శుభ్రంగా కడుక్కుని పెన్ను పట్టుకోండి, సర్వీస్ రిపోర్ట్, అంటే ఏం చేశామో కస్టమర్‌కు రాసిచ్చే కాగితం, రాద్దాం. ఈ పనంటే మన కుర్రాళ్లకు మహా చిరాకు. బండి సీటు మీద పుస్తకం పెట్టి "స్ప్రే చేశాం, ఓకే" అని గీకేసి, సంతకం పెట్టించుకుని వచ్చేస్తారు. నేనూ చానా రోజులు అలాగే చేశాను, తిరుపతి బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో పరువు పోయేదాకా.

అక్కడ నల్లుల పని, మొత్తం 24 గదులు. మన ఊరి లాడ్జిల సంగతి తెలిసిందే కదా, కొండ దిగినవాళ్లు అర్ధరాత్రి వచ్చి పడతారు, ఎక్కాల్సినవాళ్లు తెల్లారకముందే లేచిపోతారు, అన్ని గదులూ ఒకేసారి ఖాళీగా దొరకడమనేది కల. ఆ రోజు 207లో ఒక కుటుంబం నిద్రపోతోంది, గుండ్లు చేయించుకొచ్చిన ఇద్దరు పిల్లలు, తలలకు ఇంకా చందనం. లేపబుద్ధి కాలేదు. మిగతా 23 చేసేసి, రిపోర్టులో మాత్రం "24 రూములు, స్ప్రే" అని రాసేశాను. రెండు వారాలకు మేనేజర్ ఫోన్ చేశాడు. "సామీ, 207లో మళ్లీ నల్లులు. మీరు కొట్టింది మందా, నీళ్లా?" ఆ గది చేయలేదు సార్ అంటే, చేశామని రాసిన కాగితం నా సంతకంతో ఆయన చేతిలోనే ఉంది! మళ్లీ 24 గదులూ ఉచితంగా చేసిచ్చాను.

అప్పటినుంచి చేయని గదిని ముందు రాస్తున్నాను. "207 – అతిథులు ఉన్నారు, ఉదయం 11:20కి మేనేజర్‌కు చెప్పాం, ఖాళీ అయ్యాక పిలుస్తామన్నారు." ఈ ఒక్క లైను ఉంటే ఫోన్ వచ్చినప్పుడు టెన్షన్ ఉండదు. పైగా నల్లి గుడ్లు వారం, పది రోజుల్లో పొదుగుతాయి కాబట్టి రెండో విజిట్ ఎలాగూ ఉంటుంది, అప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా ఈ లైనే చెబుతుంది.

తేదీ, టైము, చిరునామా, వెళ్లినవాళ్ల పేర్లు... ఇవి ఎవరైనా రాస్తారు, వదిలేద్దాం. కష్టమంతా "ఏం కనిపించింది" అనే గడిలో ఉంది. "నల్లులు ఉన్నాయి" అంటే అది చూసి రాసినట్టు కాదు, లాడ్జివాళ్లు మనల్ని పిలిచిందే అందుకు. "203 – మంచం తలవైపు చెక్క సందులో బతికున్న నల్లులు 6, గుడ్లు ఉన్నాయి, పరుపు కుట్టు పొడవునా నల్లటి మచ్చలు, రెండో మంచం చూశాం, ఏమీ లేవు." రేపు మీకు జ్వరమొచ్చి వేరే కుర్రాడు వెళ్లినా టార్చి నేరుగా ఆ సందులోకే కొడతాడు.

తర్వాత మందు. డబ్బా మీద ఉన్న పేరు ఉన్నట్టే, పర్సెంటేజీతో సహా, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, లీటరు నీళ్లకు ఎంత కలిపాం, మొత్తం ఎంత వాడాం. ఈ చివరిది చాలామంది ఊహించి రాస్తారు, అక్కడే దొరికిపోతారు. చెదల పని తీసుకోండి. గోడ, నేల కలిసే చోట అడుగుకో రంధ్రం వేస్తాం, ఒక్కోదాంట్లో గరిష్ఠంగా లీటరు పోస్తాం. 40 అడుగుల గోడకు 40 రంధ్రాలు. కొన్ని తొందరగా నిండిపోయి మొత్తం 32 లీటర్లే పట్టిందనుకుందాం. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీళ్లకు 2.1 మిల్లీలీటర్లు, అంటే 67 మిల్లీలీటర్లు అయి ఉండాలి. రిపోర్టులో 250 అని ఉంటే లెక్క ఎక్కడో తప్పింది, 20 అని ఉంటే కస్టమర్‌ను మోసం చేసినట్టు. రంధ్రాల సంఖ్య, నీళ్లు, మందు, సీసాలో మిగిలింది, నాలుగూ ఒకదానికొకటి సరిపోవాలి.

ఆఫీసులో మందుల స్టాకు రిజిస్టర్‌తో కూడా ఇదే అంకె కలవాలి. మన లైసెన్సు 1968 నాటి కీటకనాశినుల చట్టం, 1971 నిబంధనల కింద వచ్చేది. ఇన్‌స్పెక్టర్ వస్తే రికార్డులు చూసే అధికారం ఆయనకుంది.

హోటళ్లు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు అయితే ఇంకాస్త జాగ్రత్త. ఆహారం తయారుచేసే చోట పురుగులు, ఎలుకల నివారణ తప్పనిసరని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ) నిబంధనల్లోనే ఉంది. సీజన్లో ఆడిట్‌కు వచ్చినవాళ్లు మన ఫైలు తెరిచి, గ్లూ ప్యాడ్ల (పురుగులు, ఎలుకలు అంటుకునే జిగురు అట్టలు) పేజీలో ఖాళీ గడి కనిపిస్తే చూడలేదనే అనుకుంటారు. అందుకే ఏమీ పడకపోయినా "4వ ప్యాడ్ – 0" అని రాయండి. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకండి, ఒక గీతతో కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టండి, కింద ఏముందో కనబడాలి.

కస్టమర్‌కు చెప్పిన జాగ్రత్తలు తెలుగులో రాయండి, ఎవరికి చెప్పారో కూడా. "బొద్దింకల జెల్ మందు చుక్కల మీద ఫినాయిల్ తుడవొద్దని వంటమనిషికి చెప్పాం. సింక్ కింద పైపు కారుతోంది, బాగుచేయించుకోమన్నాం." మూడు నెలల తర్వాత బొద్దింకలు తగ్గలేదని ఓనరు అరుస్తుంటే, రిపోర్టులో ఆ పైపు గురించి రాసిన లైను మీద వేలు పెట్టి చూపించండి, గొంతు దానంతటదే తగ్గుతుంది. ఫోన్లో ఫొటో తీసుకుంటే మంచిదే, కానీ ఫొటో ఉందని లైను రాయడం మానకండి.

ఎలుకల పెట్టెలకు మ్యాపు గీయడం వచ్చే పాఠంలో. ఈలోపు మీ వంటింట్లో బొద్దింకల జెల్ పెట్టి రిపోర్ట్ రాయండి. రాశాక ఇంట్లో ఇంకెవరి చేతికైనా ఇచ్చి, ఏ అరలో ఎన్ని చుక్కలు పెట్టారో కాగితం చూసి వెతకమనండి. వాళ్లు మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడిగినా మళ్లీ రాయాల్సిందే.