లైవ్ సర్వర్‌లో ప్యాకెట్ క్యాప్చర్ పెట్టే ముందు

అప్లికేషన్ స్లో అయింది. సర్వర్ వాళ్లు నెట్‌వర్క్ మీదకి తోస్తారు, నెట్‌వర్క్ వాళ్లు సర్వర్ మీదకి తోస్తారు. గంటసేపు కాల్‌లో ఈ తోపులాట నడిచాక ఎవరో ఒకరు, "ఒకసారి ట్రేస్ తీసి పంపండి, చూద్దాం" అంటారు. ట్రేస్ అంటే నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లని, అంటే డేటా ముక్కల్ని, ఫైల్లోకి పట్టడం, అదే ప్యాకెట్ క్యాప్చర్. స్క్రీన్‌షాట్ అడిగినంత తేలిగ్గా అడుగుతారు. ఆ పని ఈసారి మీ నెత్తిన పడితే, ముందు ఈ నాలుగు మాటలు చదివి మొదలుపెట్టండి.

క్యాప్చర్‌తో చిక్కులు మూడు చోట్ల వస్తాయి. తీస్తున్నప్పుడు సర్వర్‌కి దెబ్బ తగలొచ్చు. తీశాక ఫైలు చేతులు మారి ఎవరి పాస్‌వర్డో బయటపడొచ్చు. చదివేటప్పుడు ఆ ఫైలే మనతో అబద్ధం చెప్పొచ్చు. మూడూ చాలావరకు స్టార్ట్ కొట్టక ముందు పది నిమిషాల్లోనే తేలిపోతాయి. ఆ పది నిమిషాలు కూర్చోని వాళ్లే తర్వాత రాత్రంతా కూర్చుంటారు.

అన్నిటికంటే ముందు అనుమతి. రూట్ యాక్సెస్ (మిషన్ మీద పూర్తి హక్కులు) చేతిలో ఉండటం వేరు, అనుమతి ఉండటం వేరు. ఆ తీగలో పోతున్నవి వేరేవాళ్ల మాటలు. ఏ మిషన్లో, ఏ ఇంటర్‌ఫేస్ మీద, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా తీస్తున్నారు, ఫైలు ఎవరెవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అని టికెట్లో రాయించుకోండి. కాల్‌లో ఎవరో "కానివ్వండి" అన్నది రేపు లెక్కలోకి రాదు. పక్కవాళ్ల ట్రాఫిక్‌ని మీ మిషన్ మీదుగా మళ్లించుకునే ఏఆర్‌పీ స్పూఫింగ్ లాంటివైతే డయాగ్నసిస్ ఖాతాలో అసలే పడవు. వాటి జోలికి పోకండి.

డిస్క్ లెక్క

చాలా ఏళ్ల కిందట ఒక సమస్య రాత్రిపూట మాత్రమే వచ్చేది. మెలకువగా ఉండే ఓపిక లేక, ప్యాకెట్లు పట్టే కమాండ్ టీసీపీడంప్‌ని నడిపించి పడుకున్నాను. ఫైలు ఎక్కడ పడుతోందో చూసుకోలేదు. డేటాబేస్ తన లాగ్‌లు రాసుకునే డిస్క్‌లోనే పడుతోంది. తెల్లారేసరికి డిస్క్ నిండింది, డేటాబేస్ ఆగింది. అసలు సమస్య వల్ల ఐదారుగురు యూజర్లు విసుక్కునేవాళ్లు, అంతే. నా క్యాప్చర్ వల్ల అందరి పనీ ఆగిపోయింది.

అప్పట్నుంచి కాగితం మీద లెక్క వేయకుండా క్యాప్చర్ పెట్టను. గిగాబిట్ లింకు ఒకవైపు నిండుగా నడిస్తే సెకనుకి 125 మెగాబైట్లు. నిమిషానికి ఏడున్నర గిగాబైట్లు, గంటకి 450. "మాది అంత బిజీ కాదండీ, 100 మెగాబిట్లు దాటదు" అన్నా గంటకి 45 గిగాబైట్లు.

అందుకే రింగ్ బఫర్. 100 మెగాబైట్ల ఫైళ్లు 20 పెట్టుకుంటే, అన్నీ నిండాక మొదటి ఫైలు మీదే మళ్లీ రాస్తుంది. టీసీపీడంప్‌లో పెద్ద సీ, పెద్ద డబ్ల్యూ ఆప్షన్లు దీనికే. రెండు గిగాబైట్లు దాటే భయం లేదు. కానీ అదే 100 మెగాబిట్ల వేగంలో ఆ రెండు గిగాబైట్లు ఎంతసేపటికి సరిపోతాయి? 160 సెకన్లకి. యూజర్ "ఇప్పుడే వచ్చింది" అని మెసేజ్ పెట్టి, మీరు దాన్ని చూసి, లాగిన్ అయి ఆపేసరికి సాక్ష్యం చెరిగిపోయి ఉంటుంది.

దీనికి మందు ప్యాకెట్‌ని కత్తిరించి దాచుకోవడం. ప్యాకెట్ ముందు చిరునామాల్లాంటి వివరాలుండే భాగం హెడర్. ఈథర్నెట్ హెడర్ 14 బైట్లు. ఐపీ వెర్షన్ 4 హెడర్ మామూలుగా 20. టీసీపీది 20 నుంచి 60. వీలాన్ ట్యాగ్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌ల్లో ఏదో చెప్పే గుర్తు) ఉంటే ఇంకో 4. కాబట్టి చిన్న ఎస్ ఆప్షన్‌కి 128 ఇచ్చి, ప్రతి ప్యాకెట్‌లో మొదటి 128 బైట్లే ఉంచుకుంటే కావలసిన హెడర్లన్నీ వచ్చేస్తాయి. ప్యాకెట్లు నిండుగా 1514 బైట్లవే అయితే ఇందాకటి 160 సెకన్లు పాతిక నిమిషాలు దాటతాయి. ఇందులో ఇంకో లాభం, జనం సమాచారం కూడా చాలావరకు ఫైల్లోకి రాదు. చాలావరకే సుమా. హెడర్లకి 54 పోతే మిగిలిన 74 బైట్లలో హెచ్‌టీటీపీ మొదటి లైను, ఆ యూఆర్‌ఎల్‌లో ఎవరో తెలివితక్కువగా పెట్టిన టోకెన్ (లాగిన్ గుర్తు) నిక్షేపంగా పడతాయి. పేరుకి ఐపీ ఏదని అడిగే డీఎన్‌ఎస్ ప్రశ్నలైతే దాదాపు మొత్తం కనబడతాయి.

అసలు క్యాప్చర్‌కి ముందు రెండు నిమిషాలు రిహార్సల్ చేయండి. చాలా లినక్సుల్లో టీసీపీడంప్‌ని రూట్‌గా మొదలుపెట్టినా, ఫైలు తెరిచే ముందే అది తక్కువ హక్కులున్న యూజర్‌గా మారిపోతుంది. ఆ యూజర్‌కి ఫోల్డర్‌లో రాసే హక్కు లేకపోతే "పర్మిషన్ డినైడ్" అని ఆగుతుంది. ఈ సంగతి అర్ధరాత్రి కాదు, పగలే తెలియాలి. ఆపినప్పుడు చివర్లో మూడు అంకెలు చూపిస్తుంది. వాటిలో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) వదిలేసిన ప్యాకెట్ల సంఖ్య సున్నా అయి ఉండాలి. కాకపోతే ఆ ఫైలుకి చిల్లులున్నట్టే.

దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో సర్వర్‌లోకి లాగిన్ అయి ఫిల్టర్ లేకుండా క్యాప్చర్‌ని స్క్రీన్ మీదకి వదిలితే ఏమవుతుందో ఒక్కసారి చూసినవాళ్లు మర్చిపోరు. ప్యాకెట్ వచ్చిందని ఒక లైను ప్రింటవుతుంది. ఆ లైను ఎస్‌ఎస్‌హెచ్ ప్యాకెట్‌గా మీ దగ్గరికి వస్తుంది. ఆ ప్యాకెట్ కూడా క్యాప్చర్ అవుతుంది, దానికి ఇంకో లైను. తన తోక తనే తరుముకునే కుక్కలాగా తిరుగుతూనే ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ వాడే పోర్టు 22ని పట్టకుండా ఫిల్టర్ పెట్టండి, లేదా నేరుగా ఫైల్లోకి రాయండి. చిన్న ఎన్ ఆప్షన్ కూడా మర్చిపోవద్దు. అది లేకుండా స్క్రీన్ మీద చూస్తుంటే ఐపీకి పేరేమిటని టీసీపీడంప్ డీఎన్‌ఎస్‌ని అడుగుతూ, తన సొంత చెత్తని మీ ట్రేస్‌లోనే కలుపుతుంది.

క్యాప్చర్‌ని విప్పి చదివే ప్రోగ్రాం వైర్‌షార్క్‌ని మాత్రం రూట్‌గా నడపకండి. వందల ప్రోటోకాల్స్‌ని విప్పి చూపే కోడ్ అది. తేడా ప్యాకెట్ ఒకటి తగిలి అందులో లోపం బయటపడితే, రూట్ హక్కులతో పడిపోవడం మంచిది కాదు. పట్టే పని దానితోనే వచ్చే చిన్న ప్రోగ్రాం డంప్‌క్యాప్‌కి వదిలేసి, చదివే పని మీ మిషన్లో మామూలు యూజర్‌గా చేసుకోండి.

ఎక్కడ నిలబడి చూస్తున్నారు

సర్వర్ మీదే తీస్తుంటే ఒక విషయం గుర్తుంచుకోండి. లినక్స్‌లో వచ్చే ప్యాకెట్‌ని టీసీపీడంప్ ఆ మిషన్ ఫైర్‌వాల్ కంటే ముందే చూస్తుంది. పోయే ప్యాకెట్‌ని ఫైర్‌వాల్ దాటాకే చూస్తుంది. "ట్రేస్‌లో ప్యాకెట్ కనబడుతోంది కదా, అప్లికేషన్‌కి అందింది" అనేస్తే తప్పు. గుమ్మం దాకా వచ్చినట్టు మాత్రమే లెక్క.

అలాగే 30 వేల బైట్ల ప్యాకెట్ కనబడితే కంగారు పడొద్దు. ముక్కలు చేసే పని నెట్‌వర్క్ కార్డుకి అప్పజెప్పినందువల్ల వచ్చిన వింత అది. తీగ మీద అంత ప్యాకెట్ పోదు. పోయే ప్యాకెట్లలో చెక్‌సమ్ (డేటా పాడైందేమో చూసే లెక్క) తప్పు అని కనబడేది కూడా మామూలుగా ఈ బాపతే.

స్విచ్‌లో మిర్రర్ పోర్ట్ (ట్రాఫిక్ నకలు వచ్చే పోర్టు) పెట్టి తీస్తుంటే సర్వర్‌కి భారం ఉండదు. కానీ గమ్యం పోర్టు నంబరు ఒక్క అంకె తప్పు కొడితే, ఆ పోర్టులో ఉన్నవాళ్ల నెట్ పోతుంది. ఎంటర్ నొక్కే ముందు ఇంకొకరికి చూపించండి, సిగ్గేం లేదు. పైగా గిగాబిట్ లింకు రెండు వైపులా నిండుగా నడిస్తే రెండు గిగాబిట్లు. దాన్ని ఒక గిగాబిట్ మిర్రర్‌లో పోస్తే సగం కింద పోతుంది, ఎవరూ చెప్పరు.

ఫిల్టర్ దగ్గర పిసినారితనం వద్దు

నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. వైర్‌షార్క్‌లో చూపే ఫిల్టర్ వేరు, పట్టే ఫిల్టర్ వేరు. చూపే ఫిల్టర్ తప్పైతే మార్చుకోవచ్చు. పట్టే ఫిల్టర్‌లో జారిపోయింది మళ్లీ దొరకదు.

ఒక కేసు చూడండి. లాగిన్ పేజీ వెంటనే వస్తుంది. పెద్ద రిపోర్ట్ నొక్కితే వేలాడుతుంది. సర్వర్ మీద హెచ్‌టీటీపీఎస్ వాడే పోర్టు 443 ఫిల్టర్‌తో ట్రేస్ తీశారు. కనెక్షన్ మొదలుపెట్టే సిన్, సిన్-ఆక్, ఆక్ బాగానే ఉన్నాయి. చిన్న రిక్వెస్ట్ వచ్చింది. సర్వర్ 1460 బైట్ల నిండు సెగ్మెంట్లు (టీసీపీ డేటా ముక్కలు) పంపింది. అందిందని చెప్పే ఆక్ లేదు. మొదటి సెగ్మెంట్‌నే మళ్లీ పంపింది, మళ్లీ లేదు, ప్రతిసారీ ఎడం రెట్టింపవుతోంది. చూసినవాళ్లు "క్లయింట్ వైపు ప్రాబ్లం" అని టికెట్ తోసేశారు.

అసలు జరిగిందేమిటంటే, దారిలో ఒక రౌటర్ "ఇది నా లింకులో పట్టదు, చిన్నగా పంపు" అని ఐసీఎంపీ (నెట్‌వర్క్ తన ఇబ్బందులు చెప్పుకునే ప్రోటోకాల్) సందేశం పంపుతూనే ఉంది. అది సర్వర్ గుమ్మం దాకా వస్తోంది. ఐసీఎంపీ మొత్తం ఆపేయాలని ఎవరో రాసిన ఫైర్‌వాల్ రూల్ దాన్ని అక్కడే పడేస్తోంది. పోర్టు ఫిల్టర్ పెట్టినందుకు మనకి ఆ సందేశం కనబడలేదు. క్లయింట్ ఐపీతో ఫిల్టర్ పెట్టినా కనబడేది కాదు, ఎందుకంటే ఆ సందేశం వచ్చేది రౌటర్ ఐపీ నుంచి. అందుకే నా ఫిల్టర్ ఎప్పుడూ "క్లయింట్ ఐపీ, లేదా ఐసీఎంపీ ఏదైనా" అనే ఉంటుంది.

వీలాన్ ట్యాగ్‌తో వచ్చే ట్రాఫిక్ అయితే మామూలు ఐపీ ఫిల్టర్‌కి ఒక్క ప్యాకెట్ కూడా చిక్కకపోవచ్చు, ఫిల్టర్‌లో వీలాన్ అన్న పదం విడిగా చేర్చాలి. ముక్కలైన ప్యాకెట్లలో మొదటి ముక్కకే పోర్టు నంబరు ఉంటుంది, కాబట్టి పోర్టు ఫిల్టర్ మిగతా ముక్కల్ని వదిలేస్తుంది.

ఐసీఎంపీ తీసుకుంటే ఇంకో సుఖం ఉంది. యూజర్ "ఇదిగో, ఇప్పుడు ఆగింది" అనగానే సర్వర్‌కి 333 బైట్ల పింగ్ ఒకటి కొట్టండి, పింగ్ కూడా ఐసీఎంపీయే. లక్ష ప్యాకెట్ల మధ్య పుస్తకంలో నెమలీకలా అది కనబడుతుంది. అక్కడి నుంచి వెనక్కి చదువుకోవచ్చు.

చదివేటప్పుడు

వైర్‌షార్క్ నల్లగా, ఎర్రగా రంగులు పూస్తే గుండె జారనక్కర్లేదు. ఆ వ్యాఖ్యలు ప్యాకెట్‌లో ఉన్నవి కావు, ఆ ప్రోగ్రాం ఊహించి రాసినవి. కొన్ని ప్యాకెట్లు మళ్లీ పంపడం టీసీపీకి మామూలే. కనబడని సెగ్మెంట్‌కి ఆక్ వచ్చిందని రాస్తే మాత్రం ఆగండి. అవతలివాడికి అందింది, మీకే చిక్కలేదు. లోపం మీ క్యాప్చర్‌లో ఉంది.

నేను రంగుల కంటే ముందు టైము కాలమ్ చూస్తాను. సిన్ 0 సెకన్ల దగ్గర, మళ్లీ 1 దగ్గర, 3 దగ్గర, 7 దగ్గర కనబడి జవాబు లేకపోతే, దారిలోనో గుమ్మంలోనో ఎవరో మౌనంగా పడేస్తున్నారు. వెంటనే రీసెట్ (కనెక్షన్ కుదరదన్న జవాబు) వస్తే, చాలాసార్లు అవతల మిషన్ బతికే ఉందని, ఆ పోర్టులో ఎవరూ వినడం లేదని అర్థం. సర్వర్ నుంచి ఆక్ తక్షణం వచ్చి, డేటా నాలుగు సెకన్లకి వస్తే నెట్‌వర్క్‌ని వదిలేసి అప్లికేషన్ వాళ్ల దగ్గరికి వెళ్లండి. చిన్న చిన్న మెసేజ్‌ల మధ్య పదేపదే 40 మిల్లీసెకన్లో, 200 మిల్లీసెకన్లో కనబడితే, ఒకవైపు చిన్న డేటాని ఆపి కలిపి పంపే నేగిల్ పద్ధతి, మరోవైపు ఆలస్యంగా వచ్చే ఆక్ ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తున్నాయేమో అనుమానించండి.

రెండు చివర్లా తీసి పోల్చాలంటే ముందు రెండు మిషన్లూ గడియారాలు సరిచేసే ఎన్‌టీపీలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక గడియారం 300 మిల్లీసెకన్లు ముందుంటే ప్యాకెట్ పంపకముందే చేరినట్టు కనబడుతుంది. టైముతో కాకుండా, టీసీపీ డేటాకి వరసగా వేసే సీక్వెన్స్ నంబర్లతో జత కలపండి. మధ్యలో ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) ఉంటే అదీ కుదరదు, అటూ ఇటూ రెండు వేర్వేరు కనెక్షన్లు.

ఫైలు గడప దాటే ముందు

"మాదంతా ఎన్‌క్రిప్టెడ్" అన్న ధీమా వద్దు. హెచ్‌టీటీపీఎస్ వాడే టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్‌లో కూడా మామూలుగా ఎవరు ఏ సైట్‌కి వెళ్లారో పేరు కనబడుతుంది. లోపలి నెట్‌వర్క్‌లో ఎక్కడో ఒక పాత పరికరం టెల్నెట్‌లోనో ఎఫ్‌టీపీలోనో పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు పంపుతూనే ఉంటుంది. హెచ్‌టీటీపీ బేసిక్ లాగిన్ బేస్64లో ఉంటుంది, అది తాళం కాదు, ఎవరైనా క్షణంలో విప్పుతారు. డీక్రిప్షన్ కోసం బ్రౌజర్ నుంచి సెషన్ కీల ఫైలు తీసుకుంటే, దాన్ని క్యాప్చర్‌తో కలిపి ఒకే మెయిల్లో పంపకండి.

వైర్‌షార్క్‌లో ఫిల్టర్ వేసి పది ప్యాకెట్లు మాత్రమే కనబడుతున్నప్పుడు సేవ్ కొడితే, ఆ పదే సేవ్ అవుతాయని చాలామంది అనుకుంటారు. ఫైలు మొత్తం సేవ్ అవుతుంది. కనబడేవి మాత్రమే కావాలంటే ఫైల్ మెనూలో ఎంచుకున్న ప్యాకెట్లని ఎక్స్‌పోర్ట్ చేసే దారిలో వెళ్లాలి. కొత్తరకం ఫైలు పీక్యాప్‌ఎన్‌జీలో మీ ఆపరేటింగ్ సిస్టమ్ వివరాలు, ఇంటర్‌ఫేస్ పేరు, మీరు రాసుకున్న కామెంట్లు కూడా ఉంటాయి. "ఈ సర్వర్ వాడు మళ్లీ ప్యాచ్ వేయలేదు" అని కామెంట్ రాసుకుని వెండర్‌కి పంపిన మహానుభావుడు మా టీమ్‌లోనే ఉన్నాడు. పంపేముందు, వైర్‌షార్క్‌తోనే వచ్చే ఎడిట్‌క్యాప్‌తో ప్రతి ప్యాకెట్‌ని 128 బైట్లకి కోసి, ఫైల్లో ఏముందో క్యాప్‌ఇన్ఫోస్‌తో ఒకసారి చూడండి.

టికెట్ మూసేటప్పుడు సర్వర్‌లో టీసీపీడంప్ ఇంకా నడుస్తోందేమో చూడండి, ఏదో ఒక స్క్రీన్ సెషన్‌లో మిగిలిపోవడం మామూలే. స్విచ్‌లో మిర్రర్ తీసేయమని అడగండి. తర్వాత ఫైళ్లు చెరిపేయండి: సర్వర్‌లోది, మీ ల్యాప్‌టాప్ డౌన్‌లోడ్స్‌లోది, టెంప్ ఫోల్డర్‌లో వైర్‌షార్క్ వదిలిందేమైనా ఉంటే అది, మెయిల్లో పంపినవాటి జాబితాలో ఉన్నది, టికెట్‌కి తగిలించినది.