పన్ను లెక్కలు, ఏడో పాఠం: కొవిడ్ నాటి వడ్డీ

ఆరో పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబుల్లో సగానికి పైగా తప్పాయి. అందుకే ఈసారి కస్టమ్స్ భాగాన్ని కుదించి, ముందు ఆ ముడి విప్పుతాను.

లెక్క ఇది: టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారి. 2020 మార్చి నెల జీఎస్‌టీఆర్-3బి, అంటే పన్ను లెక్క చూపి కట్టే జీఎస్‌టీ రిటర్ను. నగదుగా కట్టాల్సిన పన్ను 10 లక్షలు. జూన్ 20న కట్టి రిటర్ను వేశాడు. వడ్డీ ఎంత?

చాలామంది సున్నా అన్నారు. జూన్ 24 దాకా గడువు పెంచారు కదా అని వాళ్ల వాదన. పెంచలేదు! ఏప్రిల్ 3 నాటి నోటిఫికేషన్ గడువు తేదీని ముట్టుకోలేదు. అది ఏప్రిల్ 20నే. తగ్గించింది వడ్డీని: మొదటి 15 రోజులకు సున్నా, ఆపైన 9 శాతం. అదీ జూన్ 24లోగా రిటర్ను వేసినవారికే. ఆలస్య రుసుము మాఫీ వేరే నోటిఫికేషన్. గడువు జరిగితే ఆలస్యమే ఉండదు; వడ్డీ తగ్గితే ఆలస్యం అలాగే ఉంటుంది, దాని ధర మాత్రమే మారుతుంది. లాక్‌డౌన్‌లో చిన్న దుకాణదారులు సైతం ఈ తేడా తెలియక నష్టపోయారు, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

ఇంకొందరు 61 రోజులకూ 9 శాతం వేసి రూ.15,041 తెచ్చారు. నేను రోజుల్ని క్యాలెండరు మీద వేలు పెట్టే లెక్కిస్తాను. ఏప్రిల్ 21 మొదటి రోజు, మే 5 పదిహేనోది. మే 6 నుంచి జూన్ 20 వరకు 46 రోజులు. ఏడాదికి 365 రోజుల చొప్పున రూ.11,342.

కస్టమ్స్‌లోనూ ఇదే తీరు. స్టాంపు పేపరు దొరకని రోజుల్లో, అదే ఏప్రిల్ 3న, కస్టమ్స్‌కు స్టాంపు పేపరు మీద రాసివ్వాల్సిన బాండుకు బదులు మామూలు కాగితం మీద హామీపత్రం చాలన్నారు. బాండు రద్దు కాలేదు, తర్వాత ఇవ్వాల్సిందే. వెంటిలేటర్లు, మాస్కులు, పరీక్ష కిట్ల మీద మాత్రం ఏప్రిల్ 9 నుంచి సెప్టెంబరు 30 దాకా ప్రాథమిక కస్టమ్స్ సుంకాన్ని, ఆరోగ్య సెస్సును నిజంగానే ఎత్తేశారు. వాయిదా ఏదో, మినహాయింపు ఏదో నోటిఫికేషన్‌లోని క్రియాపదం చూసి తేల్చుకోండి.

అభ్యాసం: అదే వ్యాపారి జూన్ 30న కట్టాడనుకోండి. ఏప్రిల్ 3 నిబంధన ప్రకారం రాయితీ మొత్తం పోయి, 71 రోజులకూ మామూలు వడ్డీ, అంటే 18 శాతం. జూన్ 24న నిబంధన మార్చారు: 24 దాకా పాత రాయితీ, ఆ తర్వాతి రోజులకే 18 శాతం. రెండు విధాలా వడ్డీ లెక్కగట్టి, తేడా పంపండి. క్యాలెండరు పేజీ కూడా జతచేయండి.