ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు మన జిల్లా మిల్లులోనే పని వెతకడం ఎలా?

మేం చదివే రోజుల్లో ప్రాజెక్టు అంటే నలుగురం కలిసి నల్లగొండలో బస్సెక్కి అమీర్‌పేటలో దిగడం, ఒక షాపులో రేటు మాట్లాడుకుని కిట్టు, రిపోర్టు తెచ్చుకోవడం, అంతే. వైవాలో ఎల్‌ఈడీ వెలిగింది, మార్కులు పడ్డాయి, ఆ కిట్టు ఇప్పటికీ మా ఇంట్లో అటక మీదే ఉంది. చిట్యాల, చౌటుప్పల్ దాటుతుంటే రోడ్డుకు రెండు పక్కలా ఫ్యాక్టరీలు కనిపించేవి, కానీ వాటికీ మా ప్రాజెక్టుకూ సంబంధం ఉండొచ్చని మాకెవరూ చెప్పలేదు, మాకూ తట్టలేదు. ఇప్పుడు నేను ఒక కాలేజీలో ప్రాజెక్టులు చూసే పనిలో ఉన్నాను, కొన్నేళ్లుగా పిల్లల్ని మిల్లులకు, ఫ్యాక్టరీలకు పంపుతున్నాను. ఏది పనిచేసిందో, ఎక్కడ దెబ్బతిన్నామో చెబుతాను, విద్యార్థులకైనా లెక్చరర్లకైనా పనికొస్తుంది.

ముందు క్యాలెండర్ చూడండి

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఫోర్త్ ఇయర్ మొదలయ్యాక టైటిల్ ఇవ్వమంటారు, జనవరిలో పని మొదలుపెడతారు, మార్చిలో టెన్షన్. కానీ మిర్యాలగూడ రైస్ మిల్లులో నిజమైన పని వానాకాలం వడ్లు వచ్చే అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ దాకా, మళ్లీ యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో ఉంటుంది. మీరు ఫిబ్రవరిలో సెన్సర్ పట్టుకుని వెళ్తే అక్కడ మిషన్లు ఆగి ఉండొచ్చు. అందుకే థర్డ్ ఇయర్ పరీక్షలు అయిపోగానే, మే నెలలోనే మిల్లు చూసి రండి. అప్పుడు యాసంగి సీజన్ కాబట్టి మిల్లు పూర్తిగా నడుస్తూ ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ల్యాబ్‌లో తయారీ, నవంబర్‌లో మిల్లులో పరీక్ష. పత్తి జిన్నింగ్ మిల్లుకైనా, వనపర్తి వైపు పల్లీల మిల్లుకైనా ఇదే లెక్క, పంట ఎప్పుడొస్తుందో ముందు అడిగి తెలుసుకోండి.

గేటు దాటించే మనిషిని పట్టుకోండి

ఈమెయిల్ పెట్టి కూర్చుంటే జవాబు రాదు. మీ క్లాసులోనే చూడండి, ఒకరి నాన్న మిల్లులో హమాలీ అయ్యుంటారు, ఇంకొకరి మామయ్య బాయిలర్ ఆపరేటర్, మరొకరి అన్న జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఫార్మా కంపెనీల్లో షిఫ్టు ఇంజనీర్. వాళ్లే మీకు మొదటి దారి. పిల్లలు సిగ్గుపడి ఈ సంగతి చెప్పరు, లెక్చరర్లు అడగరు. మా దగ్గర ఇప్పుడు మొదటి రోజే ఒక తెల్ల కాగితం తిప్పుతాం, ఇంట్లోవాళ్లు ఎక్కడ ఏ మిషన్ మీద పనిచేస్తారో రాయమంటాం, ముప్పై మంది ఉన్న క్లాసులో పది గేట్లు అలాగే దొరుకుతాయి. ఆ తర్వాత ప్రిన్సిపాల్ సంతకంతో లెటర్, కాలేజీ ఐడీ కార్డులు తీసుకుని నేరుగా వెళ్లండి. తెలిసినవాళ్లు ఎవరూ లేకపోతే జిల్లా పరిశ్రమల కేంద్రంలోనూ రైస్ మిల్లర్ల సంఘంలోనూ అడగొచ్చు. చౌటుప్పల్ మండలం దండుమల్కాపూర్ పార్కులో చిన్న పరిశ్రమలే ఎక్కువ. చిన్న యూనిట్లలో ఓనరే ఎదురుగా కూర్చుని ఉంటారు కాబట్టి మాట త్వరగా తేలుతుంది.

ఫార్మా కంపెనీ అయితే ఒక మాట. ప్రొడక్షన్ లైన్‌లో చిన్న మార్పుకైనా వాళ్లకు బోలెడు పర్మిషన్లు, రికార్డులు కావాలి, విద్యార్థుల్ని అక్కడ చెయ్యి పెట్టనివ్వరు, అడిగి ఇబ్బంది పెట్టొద్దు. బాయిలర్, కంప్రెసర్, కూలింగ్ టవర్, మురుగునీటి శుద్ధి ప్లాంటు వైపు అడగండి. అక్కడ పని చాలా ఉంటుంది, పట్టించుకునేవాళ్లు తక్కువ.

'మీకేం సమస్యలున్నాయి సార్' అని అడక్కండి

అలా అడిగితే ఓనర్ 'ఏం లేవమ్మా, అంతా బాగానే నడుస్తోంది' అంటారు. తప్పు ఆయనది కాదు, రోజూ చూసే ఇబ్బంది మనిషికి సమస్యలా కనిపించదు. 'కిందటి వారం మిల్లు ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, అప్పుడు ఎవరికి ఫోన్ చేశారు?' అని అడగండి. సూపర్‌వైజర్‌ను, మేస్త్రీని, రాత్రి షిఫ్టు వాళ్లను విడివిడిగా అడగండి, ముగ్గురూ మూడు చెబుతారు, ముగ్గురూ ఒకేలా చెప్పింది ఏదైనా ఉంటే అదే మీ ప్రాజెక్టు. ఆ తర్వాత ఒక పూర్తి షిఫ్టు, ఎనిమిది గంటలు, ఫోన్ జేబులో పెట్టుకుని ఊరికే నిలబడి చూడండి.

మా పిల్లలు ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో అలా నిలబడ్డప్పుడే అసలు విషయం దొరికింది. డ్రయ్యర్ దగ్గర మేస్త్రీ అరగంటకోసారి గుప్పెడు వడ్లు తీసి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదేసి, ఒక గింజ పంటి కింద పెట్టి కొరుకుతున్నాడు. టక్కున విరిగితే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకా వేడిగాలి కావాలి. ముప్పై ఏళ్ల అనుభవం, తప్పు పోదు. కానీ ఆయన ఊరికి వెళ్లిన రోజు వేరేవాళ్లు చూస్తే వడ్లు ఎక్కువ ఆరిపోతాయి, గింజకు చీలికలు వస్తాయి, పాలిష్ దగ్గర నూక పెరుగుతుంది. తక్కువ ఆరితే బియ్యంలో తేమ 14 శాతం దాటి ధరలో కోత పడుతుంది, 15 దాటితే లాటే తిరిగొస్తుంది. సర్కారు వడ్లు మర ఆడించే మిల్లు క్వింటాలుకు 68 కిలోల ఉప్పుడు బియ్యం లెక్కగా అప్పజెప్పాలి, అందులో నూక కూడా పరిమితి దాటకూడదు, మరి ఆ నష్టం ఎవరి మీద పడుతుందో మీరే ఆలోచించండి. ఆ మిల్లు ఓనర్ మొదటి రోజు మాకు 'సమస్యలేం లేవు' అన్నవారే.

మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఇలా చూపు పెట్టిన మనిషి ఒకరున్నారు. ఆలేరు దగ్గర శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు, ఆసు పోసి పోసి (చీర నేయకముందు నూలును చేత్తో మేకుల చుట్టూ చుట్టడం) అమ్మ భుజం నొప్పితో బాధపడటం చూశారు, ఏళ్ల తరబడి కష్టపడి 1999లో లక్ష్మి ఆసు యంత్రం పూర్తి చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పే పని అది. ఆయన ఇంజనీరింగ్ చదవలేదు. చదువుతున్న మనం ఆ పాటి చూపు పెట్టకపోతే ఎలా?

నష్టాన్ని రూపాయల్లో రాయండి

'ఐఓటీ ఆధారిత స్మార్ట్ వ్యవస్థ' లాంటి టైటిల్ చూసి ఏ ఓనరూ లేచి కూర్చోడు. ఉదాహరణకు కంప్రెసర్ పైపుకు 3 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే, 7 బార్ ప్రెషర్ దగ్గర సుమారు 3 కిలోవాట్ల కరెంటు గాల్లో కలుస్తుంది. రోజంతా నడిస్తే 72 యూనిట్లు, యూనిట్ 7 రూపాయలు అనుకుంటే రోజుకు 500 పైనే. ఇది చెప్పాక ఆయనే 'ఎక్కడెక్కడ లీకేజీ ఉందో చూసి పెట్టండి' అంటారు. ఈ ఒక్క పని, లీకేజీలు వెతికి, కొలిచి, మూయించి, మళ్లీ కొలవడం, మెకానికల్ వాళ్లకు నిండైన ప్రాజెక్టు. కొత్త పరికరం కనిపెట్టాలనేమీ లేదు.

సివిల్ వాళ్లకు ఒక విన్నపం. ప్రతి ఏడాదీ ఊక బూడిదతో కాంక్రీటు క్యూబులు పోస్తున్నారు, పగలగొడుతున్నారు. పేపర్లలో చదివే బూడిద కంట్రోల్‌గా కాల్చింది, మన మిల్లు బాయిలర్ కింద పడేది అలా కాదు, కాలని కార్బన్ ఎక్కువ, వేడి ఎక్కువైతే సిలికా స్ఫటికంగా మారి సిమెంటుతో సరిగా కలవదు. కాబట్టి నేరుగా మిల్లుకెళ్లి మూడు బాయిలర్ల నుంచి బూడిద తెచ్చి, దేనిది పనికొస్తుందో తేల్చండి, పది కిలోమీటర్ల లోపు ఇటుక బట్టీకి లారీ కిరాయి ఎంతవుతుందో కూడా రాయండి. మిల్లుకు కావాల్సింది అదే, బూడిద ఎక్కడ పోయాలో తెలియక సతమతమవుతున్నారు.

చిన్నగా తెంచుకోండి, కాగితం మీద పెట్టుకోండి

మా పిల్లలు మొదట డ్రయ్యర్ మొత్తాన్ని ఆటోమేటిక్ చేస్తామన్నారు. నలుగురు, ఏడెనిమిది నెలలు, జేబులో కొద్దిపాటి డబ్బు, అయ్యే పని కాదు. 'రాత్రి షిఫ్టులో కొత్త మనిషి కూడా తేమ సరిగా చెప్పగలగాలి' అన్న ఒక్క వాక్యానికి కుదించాం.

తర్వాత ఒక పేజీ ఒప్పందం. స్టాంపు పేపరు అక్కర్లేదు, కాలేజీ లెటర్‌హెడ్ చాలు. సామాను ఖర్చు ఎవరిది, ఎంత వరకు. ఫొటోలు తీయొచ్చా. రిపోర్టులో ఏ లెక్కలు రాయొచ్చు, ఏవి రాయకూడదు. ప్యానెల్ బోర్డు మీద చెయ్యి వేసేది మిల్లు ఎలక్ట్రీషియనే, విద్యార్థులు కాదు. బూట్లు లేకుండా, చున్నీ జారవిడిచి, బెల్టుల దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు, ఇది మాత్రం పెద్ద అక్షరాల్లో రాసుకోండి. పేటెంట్ ఆలోచన ఉంటే ఎగ్జిబిషన్‌లో పెట్టకముందే ప్రొవిజనల్ అప్లికేషన్ వేయండి, పూర్తి వివరాలకు ఆ తర్వాత 12 నెలలు టైం ఉంటుంది, 2021 నుంచి విద్యాసంస్థలకు ఫీజులో 80 శాతం తగ్గింపు కూడా ఉంది.

ల్యాబ్‌లో పనిచేసింది మిల్లులో ఆగిపోతుంది

ఆగిపోతుందని ముందే అనుకుని టైం పెట్టుకోండి. మా మొదటి తేమ సెన్సర్, రెండు ప్లేట్ల మధ్య వడ్ల కెపాసిటెన్స్ కొలిచి తేమ చెప్పేది, ల్యాబ్‌లో చక్కగా చదివింది, మిల్లులో నాలుగో రోజుకే పిచ్చి రీడింగులు. విప్పి చూస్తే ప్లేట్ల మధ్య దుమ్ము గడ్డకట్టి ఉంది. దానికంటే పెద్ద తప్పు మాదే, చల్లటి వడ్లతో కాలిబ్రేషన్ చేశాం, డ్రయ్యర్‌లోంచి వచ్చేవి చెయ్యి కాలే వడ్లు. వేడి మారితే కెపాసిటెన్స్ మారుతుందని పిల్లలు పరీక్షలో రాసిందే, అక్కడ ఎవరికీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు.

రెండోసారి సెన్సర్‌ను డ్రయ్యర్ లోపలి నుంచి తీసేశారు. పక్కన ఒక చిన్న డబ్బా, అందులో తూచిన వడ్లు పోయాలి, టెంపరేచర్ కూడా కొలిచి లెక్క సరిచేసుకుంటుంది, తుడవడం సులభం. రెండు వారాలు రోజూ అదే వడ్లను ఓవెన్‌లో ఆరబెట్టి, ముందూ వెనకా తూకం వేసి పోల్చారు. దాంతో పాటు మేస్త్రీ కొరికి 'చాలు' అన్నాడా 'ఇంకా' అన్నాడా అన్నది నోట్‌బుక్‌లో మీటర్ రీడింగ్ పక్కనే రాశారు. మీటరూ మేస్త్రీ కలవని చోట పిల్లలు మీటర్‌నే మళ్లీ చూసుకున్నారు, ఎక్కువసార్లు మేస్త్రీదే కరెక్టయింది. ఆయన కూడా మొదట్లో దూరంగా ఉన్నవాడు, తన పేరు మీద ఒక కాలమ్ చూసుకున్నాక 'ఇయ్యాల రాయలేదేంది బిడ్డా' అని తనే అడిగేవాడు.

ప్రోటోటైప్ డబ్బా, సర్క్యూట్ బోర్డు లాంటివి కాలేజీలో కుదరకపోతే హైదరాబాద్ రాయదుర్గంలో టీ-వర్క్స్ అనే ప్రభుత్వ ప్రోటోటైపింగ్ కేంద్రం ఉంది, కనుక్కోండి.

రిపోర్టు, అప్పగింత

రిపోర్టులో పాత పుస్తకాల నుంచి ఎత్తిరాసిన ముప్పై పేజీలు తగ్గించి, మిల్లులో రాసుకున్న రీడింగులు అలాగే పెట్టండి, తప్పిపోయినవి కూడా. వైవాకు మిల్లు సూపర్‌వైజర్‌ను పిలవండి, రాలేకపోతే వీడియో కాల్‌లో రెండు నిమిషాలు మాట్లాడించండి. మా దగ్గర ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పిల్లల్ని వదిలేసి ఆయన్నే ప్రశ్నలు అడిగారు.

పరికరం అక్కడే వదిలేస్తుంటే, ఎలా వాడాలో తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక పేజీ రాసి లామినేషన్ చేయించి గోడకు తగిలించండి. పాడైతే ఏ భాగం ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది, అదీ రాయండి. ఆఖరుగా మే నెలలో వెళ్లేటప్పుడు థర్డ్ ఇయర్ పిల్లల్ని ఇద్దరిని వెంట తీసుకెళ్లి మేస్త్రీకి పరిచయం చేయండి, ఆయన ఫోన్ నంబర్ వాళ్ల నోట్‌బుక్‌లో రాయించండి. మా మిల్లులో డ్రయ్యర్ పక్కన డబ్బా ఇప్పటికీ ఉంది, దాని మూత బిగుతుగా ఉండి రాత్రిపూట తీయడం కష్టమవుతోందట, ఈ ఏడాది బ్యాచ్ దాంతోనే మొదలుపెట్టింది.