చెరువు మీద పచ్చ తెట్టు కనిపిస్తే కుక్కని దింపకండి

మా పర్లాకిమిడి చుట్టుపక్కల ఎండలు ముదిరేసరికి చెరువులు సగానికి దిగిపోతాయి. నీళ్లు కదలవు. పొలాల డీఏపీ ఎరువు, బట్టల సబ్బు, గేదెల పేడ అన్నీ అందులోనే ఉంటాయి. నీలి ఆకుపచ్చ నాచు పెరగడానికి అంతకన్నా ఏం కావాలి? దీన్ని సైనోబాక్టీరియా అంటారు. అన్ని రకాలూ విషం చెయ్యవు గానీ, ఏది చేస్తుందో కంటితో చెప్పలేం. అనుమానం వస్తే విషమనే అనుకోండి.

ముందు ఓ పొడవాటి కర్ర ముంచి పైకెత్తండి. పోగులు పోగులుగా వేలాడితే అది మామూలు నాచు. ఆకుపచ్చ పెయింటు డబ్బాలో ముంచినట్టు కర్రంతా రంగు పూసుకుంటే వెనక్కి వచ్చేయండి. ఇంకా తేలకపోతే చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, గాజు సీసాలో ముప్పావు వంతు నీళ్లు పట్టి, మూత పెట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నకి పచ్చదనం పైకి తేలి పొరలా నిలిస్తే చాలావరకు ఇదే. అడుక్కి దిగితే వేరే నాచు కావచ్చు. గాలి ఏ గట్టు వైపు కొడితే తెట్టు ఆ రేవులో పేరుకుంటుంది, కాబట్టి ఎదుటి గట్టున నీళ్లు తేటగా కనిపించాయని ధైర్యపడకండి.

మా టైగర్‌కి ఇంటి దగ్గరే కడుపునిండా నీళ్లు పట్టించి గానీ గట్టు మీదికి తీసుకెళ్లను. అక్కడ గొలుసు పొట్టిగా పట్టుకుంటాను. కుక్క చెరువు నీళ్లు తాగకపోయినా, తడిసిన ఒళ్లు నాక్కుంటే చాలు, విషం లోపలికి పోతుంది. గట్టున పెచ్చులు కట్టి ఎండిన తెట్టు కూడా ప్రమాదమే, కుక్కలు దాన్నీ తింటాయి. పొరపాటున దిగితే నాకనివ్వకుండా వెంటనే మంచినీళ్లతో బాగా కడగండి, మీ చేతులకి గ్లవ్స్ ఉండాలి.

చొంగ, వాంతులు, తూలడం, వణుకు, ఫిట్స్ కనిపిస్తే తెల్లారేదాకా చూద్దాం అనకండి. ఈ నాచు చేసే విషాల్లో అనటాక్సిన్ నరాల మీద పనిచేస్తుంది, నిమిషాల్లోనో గంటల్లోనో ప్రాణం పోవచ్చు. మైక్రోసిస్టిన్ అయితే లివర్‌ని తింటుంది, చిగుళ్లు పాలిపోవడం, కామెర్లు కాస్త ఆలస్యంగా బయటపడతాయి. విరుగుడు మందు లేదు. తొందరగా పశువుల డాక్టరు దగ్గరికి చేర్చడమే దారి.

మనుషుల సంగతికొస్తే, ఆ నీళ్లు మరిగిస్తే సరిపోతుందనే మాట మా ఊళ్లో చాలామంది నోట విన్నాను. సరిపోదు. మైక్రోసిస్టిన్ వేడికి చావదు, గుడ్డతో వడకట్టినా పోదు. 1996లో బ్రెజిల్‌లోని కరువారులో ఈ విషం కలిసిన నీళ్లు డయాలసిస్‌కి వాడితే 50 మందికి పైగా చనిపోయారు. స్నానం చేసినవాళ్లకి దద్దుర్లు, కళ్లమంట, వాంతులు రావచ్చు. చిన్నపిల్లలు ఆడుతూ నీళ్లు మింగేస్తారు, వాళ్ల గురించే నాకు ఎక్కువ భయం. కార్తీక పున్నమి తెల్లవారుజామున బొయిత వందాణకి, అంటే ఒడియా వాళ్ల పడవల పండగకి, పిల్లలు పడవలు వదలడానికి నీళ్లలోకి దిగుతారు. ముందు రోజు వెలుతురుండగానే రేవు చూసి రండి.

తెట్టు చూసి ఎవరైనా మైలుతుత్తం చల్లబోతే ఆపండి. నాచు చచ్చి, పగిలి, లోపలి విషమంతా ఒక్కసారే నీళ్లలో కలుస్తుంది. ముందు పశువుల్ని మళ్లించాలి, సర్పంచికి, పశువుల ఆసుపత్రికి చెప్పాలి. తెట్టున్న రోజుల్లో ఆ చెరువు చేపలు వద్దు. తప్పదంటే పేగులు, లివర్ తీసి పారేసి, కండని శుభ్రమైన నీళ్లతో కడిగాకే వండండి. తీసిన పేగులు కుక్కలకి వెయ్యకండి.