చింత దుంగ కోసే చైన్‌సా మిల్లు: పదును, ఆయిల్

చైన్‌సా మిల్లు అంటే మోటారు రంపాన్ని ఫ్రేమ్‌కు బిగించి దుంగను పలకలుగా కోసే ఏర్పాటు. చిత్తూరు వైపు మిల్లుకెక్కేది ఎక్కువగా మామిడి, చింత. మామిడి తేలిగ్గా తెగుతుంది. చింత చేవ మాత్రం పదును తినేస్తుంది. పొట్టు రవ్వలా కాక పిండిలా రాలితే ఆపి ఆకురాయి పట్టాల్సిందే.

నిలువుకోతకు, అంటే దుంగ పొడవునా కోయడానికి, చైన్ పంటి కోణం 10 డిగ్రీలు. అడ్డకోత చైన్‌కుండే 30 డిగ్రీలతో పలక గరుకు తేలుతుంది. 3/8 అంగుళాల పిచ్ (రివెట్ల మధ్య సగటు దూరం) చైన్‌కు సాధారణంగా 5.5 మి.మీ. గుండ్రటి ఆకురాయి వాడతారు. ప్రతి పంటికీ ఆకురాయిని సమానంగా అన్నేసి సార్లే, ముందుకే తోయండి. ఒక పక్క పళ్లు పొట్టివైతే కోత రెండో పక్కకు లాగి పలక వంకరపోతుంది. చాలామంది దీన్ని ఫ్రేమ్ తప్పనుకుంటారు. డెప్త్ గేజ్ (పన్ను ఎంత లోతు కోయాలో నిర్ణయించే, పంటి ముందుండే మొన) పంటికన్నా 0.65 మి.మీ. కిందికి ఉండాలి.

బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ) గాడిలో పొట్టు గీకి, ఆయిల్ రంధ్రం శుభ్రం చేసి, బార్ తిరగేసి బిగించండి. ఎయిర్ ఫిల్టర్ రోజూ దులపండి. నిలువుకోతలో ఇంజిన్ చాలాసేపు పూర్తి వేగంతో నడుస్తుంది కాబట్టి, పలక తెగాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచాకే ఆపండి. మన ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం.