అదబ్ క్లాసు నడపడం ఎలా?

మదర్సాలో గానీ, వారాంతపు క్లాసులో గానీ, సంఘం పెట్టే సెలవుల శిబిరంలో గానీ అఖ్లాఖ్ (మంచి నడవడిక) నేర్పమంటే చాలామంది చేసేది ఒకటే. దుఆలన్నీ (వేడుకోళ్లు) చార్టు మీద రాసి, బట్టీ పట్టించి, చివర్లో పరీక్ష పెడతారు. తుమ్మినవాడు "అల్‌హమ్దులిల్లాహ్" అంటే "యర్హముకల్లాహ్" (అల్లాహ్ నిన్ను కరుణించుగాక) అనాలని పిల్లవాడు గడగడా అప్పజెప్పేస్తాడు. తీరా పక్కవాడు నిజంగా తుమ్మితే "ఛీ, దూరం జరుగు" అంటాడు.

కావలసిన సరంజామా పెద్దగా ఏమీ లేదు. కింద కూర్చునే చోటు, తాగడానికి నీళ్లు, పంచుకు తినడానికి ఏదైనా చాలు. పిల్లలు 12 మందికి మించొద్దు. చార్టులు అసలే వద్దు.

రెండు వారాలకు ఒక్క అదబ్, అంటే ఒక్క మర్యాద పట్టుకోండి. ముందు సలాం. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు, నడిచేవాళ్లు కూర్చున్నవాళ్లకు, కొద్దిమంది ఎక్కువమందికి ముందుగా చెప్పాలి. ఇది నోటితో వివరించకుండా పిల్లల్ని లేపి నడిపించండి, పది నిమిషాల్లో వచ్చేస్తుంది. తర్వాత లోపలికి రావడానికి అనుమతి అడగడం. తలుపు బయట నిలబెట్టి మూడుసార్లు అడిగించండి. ఒక్కోసారి కావాలనే జవాబివ్వకండి. అప్పుడు మొహం ముడుచుకోకుండా వెనక్కి వెళ్లాలి. వెళ్లమంటే వెళ్లిపోవాలని ఖురాన్‌లో నూర్ సూరా (అధ్యాయం) 28వ ఆయతులోనే (వాక్యంలోనే) ఉంది.

స్టార్లు, పాయింట్లు, బహుమతులు పెట్టకండి. ఒకసారి పెట్టి చూశాను. ఒకడు నాకే పావుగంటలో ఐదుసార్లు సలాం చెప్పాడు, నీళ్లు తెచ్చిచ్చిన పెద్దాయన వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. అందరూ చెడగొట్టేది తప్పు దిద్దే దగ్గర, కాబట్టి ఇక్కడ నెమ్మదిగా చదవండి.

నేను కొత్తలో చేసిన నిర్వాకం చెబుతాను. ఒకడు ఇంకొకణ్ని ఏదో వెక్కిరింపు పేరుతో పిలిచాడు. మారుపేర్లతో పిలవొద్దని హుజురాత్ సూరా 11వ ఆయతు ఉంది కదా, ఇదే అదను అనుకుని వాణ్ని లేపి, ఆ పేరు పైకి చెప్పి, అందరి ముందు క్షమాపణ అడిగించాను. వాడు తల వంచుకుని ఏదో గొణిగాడు. మర్నాటి నుంచి క్లాసు క్లాసంతా ఆ రెండోవాణ్ని అదే పేరుతో పిలవడం మొదలెట్టింది. అప్పటిదాకా ఆ పేరు ఇద్దరికే తెలుసు. చాటింపు వేసింది నేను.

అందుకే మొదటిది, తప్పు అందరి ముందు జరిగినా, దిద్దడం పక్కకు పిలిచి చేయండి. అందరికీ చెప్పి తీరాల్సిందైతే పేరెత్తకండి. దైవప్రవక్త (స) కూడా మనిషి పేరు చెప్పకుండా, కొందరు ఇలా ఎందుకు చేస్తున్నారని అనేవారు. పేరు చెప్పకపోయినా మీ చూపు వాడి మీదే నిలిచిందా, చెప్పినట్టే లెక్క.

రెండోది, "ఎందుకు చేశావ్?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు పిల్లల దగ్గర అబద్ధం తప్ప జవాబు ఉండదు. అనస్ (ర) అనే సహచరుడు దైవప్రవక్త (స) దగ్గర 10 ఏళ్లు సేవ చేశారు. అన్నేళ్లలో దైవప్రవక్త (స) తనను ఒక్కసారి కూడా "ఛ" అనలేదని, ఇది ఎందుకు చేశావని అడగలేదని అనసే చెప్పారు. మరి ఏం చెప్పాలి? చేయాల్సింది చెప్పాలి. ఉమర్ బిన్ అబీ సలమా (ర) చిన్నప్పుడు దైవప్రవక్త (స) ఇంట్లో పెరిగారు. తినేటప్పుడు ఉమర్ చెయ్యి పళ్లెమంతా తిరుగుతుంటే దైవప్రవక్త (స) చెప్పిన మాటలు మూడే: అల్లాహ్ పేరు తలుచుకో, కుడిచేత్తో తిను, నీ ముందున్నది తిను. తర్వాత జీవితమంతా అలాగే తిన్నానన్నారాయన. అదే మనమైతే అరగంట ఉపన్యాసం దంచుతాం.

మూడోది, తొందరపడకండి. ఒక ఎడారి అరబ్బు మస్జిదులోనే మూత్రం పోస్తుంటే సహాబీలు (దైవప్రవక్త సహచరులు) మీదికి వెళ్లబోయారు. దైవప్రవక్త (స) వాళ్లను ఆపి, అతను కానిచ్చాక ఒక బకెట్ నీళ్లు పోయించారు, మస్జిదు దేనికో అతనికి మెల్లగా చెప్పారు. నీళ్లు ఒలికిన చాప చూసి అరిచే ఉస్తాద్‌లకు ఇది ముందే చెప్పి పెట్టండి.

పరీక్ష మాత్రం పెట్టకండి. క్లాసు వదిలాక చెప్పుల దగ్గర ఓ పక్కగా నిలబడండి. ఎవడు తోసుకుంటున్నాడు, ఎవడు చిన్నవాడి చెప్పులు వెతికి ఇస్తున్నాడు అన్నది చూసుకుని, వచ్చే రెండు వారాలకు ఏ అదబ్ తీసుకోవాలో అక్కడే తేల్చుకోండి.